వాగ్దాన కార్డుల్లో లేని కీర్తన

కువైట్‌లో మా ఆదివారం శుక్రవారం వస్తుంది. ఇక్కడ వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం పొద్దున్నే ఆఫీసులు, బడులు, ఆస్పత్రులు అన్నీ మామూలే. అందుకని తెలుగు సంఘాలు చాలావరకు శుక్రవారమే కూడుకుంటాయి. ఊళ్లో ఉన్న మా అమ్మకి ఇది ఇప్పటికీ మింగుడుపడదు. "మరి పది ఆజ్ఞల మాటేంటే?" అంటుంది ఫోన్లో. "అసలు విశ్రాంతి దినం శనివారం కదమ్మా, మనమే ఆదివారానికి జరుపుకున్నాం, మేం ఇంకో రెండు రోజులు ఇవతలికి జరిపాం" అంటే, "నీకు తెలివెక్కువైపోయింది" అని ఫోను నాన్నగారి చేతికిచ్చేస్తుంది.

కువైట్ సిటీలో నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ప్రాంగణం ఉంది. శుక్రవారం అక్కడికొస్తే ఒక హాల్లో అరబ్బీ, పక్కదాంట్లో మలయాళం, ఇంకోచోట తమిళం, మరోచోట తగలోగ్ వినబడతాయి. గదుల్ని గంటల లెక్కన పంచుకుంటారు. మనవాళ్ల ముగింపు ప్రార్థన కాస్త పొడుగైందంటే బయట ఇంకో భాషవాళ్లు గిటార్లు పట్టుకుని నిలబడి ఉంటారు. ప్రార్థన చేయించే ఆయన ఒక కన్ను తెరిచి గడియారం చూసుకుని ఆమేన్ అనేస్తారు. మా బెంచీల మీద గోదావరి జిల్లాలవాళ్లూ, కడప, రాయచోటి, రాజంపేట వైపువాళ్లూ ఎక్కువ. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు, డ్రైవర్లు, నర్సులు, కంపెనీల్లో లెక్కలు రాసేవాళ్లు. ఊళ్లో అయితే ఎవరు ఏ గుడికి వెళ్లాలో పేటను బట్టీ మిషనును బట్టీ ముందే తేలిపోయి ఉంటుంది. లూథరన్, సీయస్సై, బాప్టిస్టు, బ్రదరెన్, బైబిల్ మిషన్, పెంతెకొస్తు. ఇక్కడ అందరం కలిసిపోయాం, పాట ఏ వేగంతో పాడాలన్న విషయంలో తప్ప.

నర్సుని కాబట్టి ఈ ప్రాంగణం అంటే నాకు కొంచెం ఎక్కువ ఇష్టం. ఈ సంఘానికి వేళ్లు అమెరికన్ మిషనరీలు పెట్టిన ఆస్పత్రిలో ఉన్నాయి. 1912లో డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ అనే ఆవిడ ఇక్కడికొచ్చి ఆడవాళ్లకి వైద్యం చేయడం మొదలుపెట్టారు. కువైట్‌లో పనిచేసిన మొదటి మహిళా డాక్టరు ఆవిడే. అప్పటికి ఇక్కడ చమురు పడలేదు. ముత్యాలకోసం సముద్రంలో మునిగేవాళ్లు, పడవలు కట్టేవాళ్లు, ఎడారి మీద బతికేవాళ్లు, అంతే జనం. ఆ ఆస్పత్రి 1967లో మూతబడింది. సముద్రం ఒడ్డునున్న దాని పాత భవనాలు ఇప్పుడు సాంస్కృతిక కేంద్రం. జనం ఇప్పటికీ అమ్రికానీ అనే పిలుస్తారు. బైబిలూ మందుల పెట్టే కలిసి ఓడ దిగిన చోటు ఇది. ఆ రెంటికీ పోటీ పెట్టాలని వాళ్లకి తోచలేదు. మనవాళ్లకి తోచింది.

నేను పనిచేసే క్లినిక్కుకి తెలుగువాళ్లొస్తే నన్నే పిలుస్తారు. వచ్చినావిడ చెప్పే మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే: "సిస్టర్, గ్యాస్ పట్టేసింది." తర్వాత ఒక్కొక్కటే బయటికొస్తాయి. ఛాతీ మీద బరువు, అరచేతుల్లో చెమట, మెడ వెనక లాగేయడం, తెల్లవారుజామున మూడింటికి మెలకువ, అన్నం చూస్తే వెగటు. ఛాతీ దగ్గర ఏమున్నా టెన్షన్ అని తోసేయకూడదు, ముందు గుండె చూడాలి. ఈసీజీ తీస్తాం, రక్తం చూస్తాం, థైరాయిడ్, షుగరు చూస్తాం. డాక్టరుగారు ఏమీ లేదని తేల్చాక స్టూలు దగ్గరికి లాక్కుని నేనడుగుతాను: "ఇంటిదగ్గర అంతా బాగేనా అక్కా?"

అప్పుడు మొదలవుతుంది. స్లాబు వేయడానికి తెచ్చిన అప్పు, దాని వడ్డీ. ఇంటరు చదివే కూతురు, దాని హాస్టల్ ఫీజు. అకామా, అంటే నివాస అనుమతి, రెన్యువల్ చేయిస్తాడో లేదో చెప్పని సేటు. ఇక్కడికీ ఇంటికీ రెండున్నర గంటల తేడా. పని ముగించుకుని, గది చేరి, స్నానం చేసి ఫోను పట్టుకునేసరికి రాత్రి పది. అక్కడ పన్నెండున్నర. పిల్లలు నిద్రపోయి ఉంటారు. మెలకువగా ఉండేది అప్పులవాళ్లు ఏమన్నారో చెప్పడానికి కూర్చున్న భర్త ఒక్కడే. ఆ కబుర్లు విన్నాక ఎవరికి నిద్ర పడుతుంది?

ఇదంతా చెప్పిన మనిషినే "దిగులుగా ఉందా?" అని అడగండి. తల అడ్డంగా ఊపేస్తుంది. "లేదు సిస్టర్, దేవుడు మంచివాడు." ఆయన మంచివాడనడంలో నాకేం పేచీ లేదు. ఆ మాట వెనక దాక్కున్న భయంతోనే నా పేచీ. దిగులుందని ఒప్పుకుంటే విశ్వాసం లేదని ఒప్పుకున్నట్టే అవుతుందేమో అన్న భయం. ఈ భయాన్ని ఎవరో బయటివాళ్లు వచ్చి నేర్పలేదు, మన కూటాల్లో మనమే నేర్పాం. సాక్ష్యాల సమయం గుర్తు తెచ్చుకోండి. జ్వరమొచ్చింది, ప్రార్థన చేశాం, తగ్గింది. వీసా ఆగింది, ఉపవాసమున్నాం, వచ్చింది. సంతోషమే. కాని ఇంకా తగ్గని జ్వరంతో, ఇంకా రాని వీసాతో కూర్చున్న మనిషికి మైకు దగ్గరికి దారేదీ? ఆవిడ చప్పట్లు కొట్టి, ఇంటికెళ్లి, సోమవారం మా క్లినిక్కుకి వస్తుంది, గ్యాస్ అంటూ.

డిసెంబరు 31 రాత్రి వాగ్దాన కార్డులు తీసే ఆచారం తెలుగు క్రైస్తవులకి చెప్పక్కర్లేదు. కళ్లు మూసుకుని బుట్టలో చెయ్యి పెట్టి ఒక కార్డు తీస్తాం. అందులో ఏ వచనం వస్తే అది ఆ ఏడాదికి మనది. బైబిల్లోనో, పర్సులోనో, అద్దం మూలనో సంవత్సరమంతా ఉంటుంది. నాకొచ్చినవన్నీ దాచుకున్నాను, నాకిష్టమే ఆ ఆచారం. తిరగేసి చూస్తే అన్నీ హెచ్చింపులు, విస్తరణలు, శత్రువు మీద జయాలు. 88వ కీర్తన ఏ బుట్టలోంచీ ఎవరికీ రాగా చూడలేదు. అచ్చువేసేవాళ్లని అనడానికి లేదు. కొత్త సంవత్సరం పుట్టిన పది నిమిషాలకి, కేకు ముక్క చేతిలో పెట్టుకుని ఆ కీర్తన ఎవరు చదువుతారు?

చదవనివాళ్లకోసం చెప్తాను. మొర పెట్టే కీర్తనలు చాలావరకు ఏడుపుతో మొదలై, చివరికొచ్చేసరికి స్తుతిలోకి తిరుగుతాయి. 88వది తిరగదు. పగలూ రాత్రీ మొరపెట్టాను, నువ్వు మొహం చాటేశావు, స్నేహితులు కూడా దూరమైపోయారు అంటూ సాగి, చీకటి దగ్గర ఆగిపోతుంది. చివర్న కృతజ్ఞత లేదు, నమ్మకం ప్రకటించడం లేదు. అయినా దాన్ని ఎవరూ తీసి పారేయలేదు. దేవుణ్ణి ఇలా నిలదీసే కవిత్వాన్ని దేవుడి పుస్తకంలోనే ఉంచారు. ఇదొక్కటే అయితే పొరపాటున మిగిలిందనుకోవచ్చు. మొత్తం 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. పాత నిబంధనతో ఆగిందా అంటే అదీ లేదు. గెత్సేమనే తోటలో యేసు దిగులుపడ్డాడని సువార్తలు దాచకుండా రాశాయి. చెమట రక్తపు బొట్లుగా కారినట్టుందని రాసింది లూకా ఒక్కడే. ఆయన వైద్యుడని పౌలు చెప్తాడు, అందుకే ఆ వివరం ఆయన కంట పడిందేమోనని నాకో ఊహ. విశ్వాసముంటే దిగులుండకూడదన్న సూత్రం నిజమైతే ఆ రాత్రి లెక్క ఎలా తేలుతుంది?

2024 జూన్ 12, బుధవారం. తెల్లవారకముందే ఇక్కడి మంగాఫ్ ప్రాంతంలో కార్మికులుండే భవనానికి నిప్పంటుకుంది. యాభై మంది పోయారు. వాళ్లలో నలభై మందికి పైగా మనదేశంవాళ్లు, అందులో దాదాపు సగం కేరళవాళ్లు, ముగ్గురు ఆంధ్రావాళ్లు. శుక్రవారం పొద్దున శవపేటికలతో వైమానిక దళం విమానం కొచ్చిలో దిగింది. అదే సమయానికి మేం ఆరాధనలో ఉన్నాం. పాటలు నడిపించే తమ్ముడు అలవాటు ప్రకారం స్తుతి పాట ఎత్తుకోబోయాడు. మంగాఫ్ వైపే ఉండే ఒకాయన లేచి, "ఇవాళ ఆ పాట వద్దు తమ్ముడూ" అన్నాడు. ఆ భవనంలోనివాళ్లతో రోజూ ఒకే బస్సెక్కిన మనిషి ఆయన. ఏం చేయాలో తెలియక పాస్టరుగారు బైబిలు తిరగేసి 88వ కీర్తన మొదటినుంచి చివరిదాకా చదివారు. చదివాక వివరించలేదు. దేవుడి చిత్తం అనీ అనలేదు. ఆ శుక్రవారం చాలామంది గట్టిగా ఏడ్చారు, మగవాళ్లు కూడా. ఆ తర్వాతి వారంలో మా క్లినిక్కుకి వచ్చిన తెలుగువాళ్లు కొందరు గ్యాస్ అనకుండా, "సిస్టర్, భయంగా ఉంది, మా బిల్డింగుకి కూడా ఒకటే మెట్లదారి" అన్నారు. భయానికి పేరు పెట్టగలిగితే దానికి చేయాల్సిన పని కూడా కనబడుతుంది. ఇద్దరు ముగ్గురు వెళ్లి తమ హారిస్‌తో, అంటే భవనం కాపలాదారుతో, పోట్లాడి మెట్ల కింది సామాన్లు తీయించారు.

ఏలీయా కథ నర్సుగా చదివితే వేరే రుచి. కర్మేలు కొండ మీద అంత పెద్ద విజయం చూసిన ప్రవక్త, రాణి యెజెబెలు బెదిరిస్తూ కబురంపేసరికి పారిపోయి అరణ్యంలో చెట్టు కింద పడుకుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అంటాడు. మన సంఘాల్లో ఎవరైనా ఇలా అంటే ఏం జరుగుతుందో మీకు తెలుసు. నలుగురు చుట్టూ చేరి తలమీద చేతులు పెడతారు. అక్కడ దూత చేసింది చూడండి. లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు చూపించి తినమన్నాడు. ఏలీయా తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి, మళ్లీ తినమన్నాడు, చాలా దూరం నడవాలి కదా అన్నాడు. తిండి, నిద్ర, నీళ్లు. వాక్యోపదేశం లేదు, మందలింపు లేదు. ఆ తర్వాత హోరేబు కొండ దగ్గర దేవుడు ఇక్కడేం చేస్తున్నావని అడిగితే ఏలీయా తన గోడంతా చెప్పుకున్నాడు. గాలి, భూకంపం, నిప్పు అయ్యాక దేవుడు మళ్లీ అదే ప్రశ్న వేస్తే, ఏలీయా అవే మాటలు మళ్లీ అప్పజెప్పాడు. ఇందాకే చెప్పావుగా అని దేవుడు అనలేదు. రోజూ ఒకే కష్టం చెప్పే రోగిని రోజూ వినడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి ఈ చోటు నాకు మరీ ఇష్టం. ఆ తర్వాత ఆయనకి పని చెప్పాడు, తోడుగా ఎలీషాని ఇచ్చాడు, నువ్వొక్కడివే మిగల్లేదు, ఏడు వేల మంది ఉన్నారన్నాడు. వరస గమనించారా? ఒంటి సంగతి ముందు, మనసు సంగతి తర్వాత, తోడు ఆ తర్వాత. మనం అన్నిటికన్నా ముందు ఉపవాసం పెట్టేస్తాం. సరిగా తినక నీరసపడి వచ్చిన మనిషికి ఉపవాస ప్రార్థన రాసిచ్చే పద్ధతి మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఎవరు చెప్పినా సరే.

నా సంగతి అడుగుతారు కాబట్టి చెప్తాను. ఊళ్లోని ప్రార్థన గ్రూపులో పెద్దమ్మలు తెల్లారి అయిదింటికి వాయిస్ మెసేజీలు మొదలెడతారు, మాకప్పుడు రాత్రి రెండున్నర. వాటికి శబ్దం తీసేశాను. ఎవరూ నొచ్చుకోలేదు, వాళ్లకి తెలియదు కూడా. నైట్ డ్యూటీలో మాత్రం నాకు పనికొచ్చింది ఒక ఈజిప్టు నర్సు నేర్పిన పద్ధతి. ఆమె కాప్టిక్ క్రైస్తవురాలు. కారిడార్లో నడుస్తూ వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటుంది. ఏంటని అడిగితే, కిరియే ఎలేయిసోన్, ప్రభువా కరుణించు, నలభై ఒక్కసార్లు అంది. యేసుకి పడిన కొరడా దెబ్బలు ముప్ఫై తొమ్మిది, ముళ్ల కిరీటం ఒకటి, ఈటె పోటు ఒకటి, వెరసి నలభై ఒకటి. మా ఇంట్లో ఇలా లెక్కపెట్టి వల్లించే ప్రార్థనంటే చిన్నచూపు. ప్రార్థనంటే సొంతమాటల్లో, పొడుగ్గా, కన్నీళ్లతో ఉండాలి. కాని రాత్రి మూడింటికి ఐవీ లైను దొరకని పిల్లాడు ఏడుస్తుంటే, వాళ్ల నాన్న అరబ్బీలో కేకలేస్తుంటే సొంతమాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? రెండు మాటలు, ఒక నిదానమైన ఊపిరి. లోపలికి పీల్చేటప్పుడు ప్రభువా, వదిలేటప్పుడు కరుణించు. ఊపిరి నెమ్మదిస్తే గుండె దడ తగ్గుతుందని మా నర్సింగు పాఠాల్లోనూ ఉంది. ఎవరిది గొప్ప అని తేల్చుకునే తీరిక నైట్ డ్యూటీలో ఉండదు, లైను దొరికితే చాలు.

పగటిపూట అయితే పాట. మా అమ్మ ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం చూడకుండా పాడుతుంది. పాట పైన రాగం, తాళం అచ్చువేసిన పాత ప్రతి ఒకటి నాతో తెచ్చుకున్నాను. పురుషోత్తమ చౌదరిగారి పాటల్లాంటివి చదువుతుంటే నాకొకటి తోస్తుంది. పందొమ్మిదో శతాబ్దపు ఆ భక్తులు మనకన్నా ధైర్యంగా దీనులు. పాపినని, అలసిపోయానని, దిక్కులేదని రాగం కట్టి పాడుకున్నారు. మనం డ్రమ్ములు పెట్టాక ఆ పాటలు పక్కకి జరిగాయి. డ్రమ్ముల మీద నాకు కోపం లేదు, కాని అలసినవాడి పాట కూడా వారానికి ఒకటుండాలి.

ఇంకొకటి, కాస్త చేదు మాట. కొన్ని దిగుళ్లు దేవుడికి చెప్పుకుంటే సరిపోయేవి కావు. ఇళ్లల్లో పనిచేసేవాళ్లకోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. రోజుకి పన్నెండు గంటలకి మించి పని చేయించకూడదు, వారానికో సెలవు, ఏడాదికో నెల జీతంతో సెలవు ఇవ్వాలి. తర్వాతి ఏడాది కనీస జీతం అరవై దినార్లని పెట్టారు. శుక్రవారం మందిరానికి రానివ్వని ఇంట్లో ఉన్న చెల్లికోసం మేం ప్రార్థన విన్నపాల్లో పేరు చదువుతాం. చదవాలి కూడా. కాని ఆ సెలవు ఆవిడ హక్కని ఆవిడకి ఎవరూ చెప్పకపోతే ఆ ప్రార్థన సగమే. పాస్‌పోర్టు లాక్కున్నా, జీతం ఆపినా, చెయ్యి చేసుకున్నా రాయబార కార్యాలయానికి చెప్పుకోవచ్చు. నిద్రపట్టక నెలలు గడుస్తున్నా, చచ్చిపోవాలనిపిస్తున్నా డాక్టరుకి చెప్పాలి. మందు వాడితే విశ్వాసం తగ్గదు. తిమోతికి కడుపు బాగోకపోతే పౌలు ప్రార్థన ఒక్కటే రాసి ఊరుకోలేదు, కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని చిట్కా కూడా రాశాడు.

కడప వైపు అక్క ఒకావిడా నేనూ కలిసి, ప్రేమవిందు అయ్యాక ఆడవాళ్లకి ఒక అరగంట పెట్టాం. మొరల అరగంట అని దానంతటదే పేరు పడింది. సాక్ష్యాలకి అందులో చోటు లేదు. ఎవరైనా తన బాధ చెప్తే మిగతావాళ్లు సలహా ఇవ్వకూడదు, "ప్రార్థన చేద్దాంలే, తగ్గిపోద్ది" అని మధ్యలో అడ్డుపడకూడదు. చివర్న ఒక మొర కీర్తన పైకి చదువుతాం, కావలసినవాళ్లకి డాక్టరు నంబరో ఎంబసీ నంబరో ఇస్తాం. సంఘ పెద్దాయన ఒకరికి ఇది నచ్చలేదు. ఇశ్రాయేలీయులు అరణ్యంలో సణిగి శిక్ష తెచ్చుకోలేదా అన్నారు. మంచి ప్రశ్నే. వాళ్లు గుడారాల్లో కూర్చుని దేవుడి వెనకాల మాట్లాడుకున్నారండీ, కీర్తనకారుడు మొహం మీదే అడిగాడు, మేం కూడా చివర్న ఆయనకే వినిపిస్తున్నాం అన్నాను. ఆయన ఒప్పుకోలేదు, ఆపమని కూడా అనలేదు.

ఆయన భార్య మాత్రం మొదటినుంచీ వచ్చి కూర్చునేది. ఏమీ మాట్లాడేది కాదు, అందరికీ టీ కప్పులు అందించేది. మొన్న శుక్రవారం చేయి పైకెత్తింది. అందరం సర్దుకుని కూర్చున్నాం. "మీ అరగంట ఎప్పుడూ ముప్పావుగంట అవుతోందమ్మా. మంగాఫ్ వ్యాను నిండిపోతాంది. ఎక్కేసరికి ఏసీ పక్క సీట్లన్నీ అయిపోయి, ఇంజిను మీద కూర్చుని పోతున్నా. ఈ ఎండల్లో! ఆ డ్రైవరు అరబ్బీలో ఏం తిడతాడో నాకైతే తెలీదుగానీ, నన్నే తిడతాడు. ఇది కూడా మొరే, రాసుకోండి" అంది. రాసుకున్నాం. వచ్చే శుక్రవారం నుంచి పావుగంట ముందే మొదలుపెడుతున్నాం.